నూకాలు ఉతకని అంగీ

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న రోజుల్లో, ఏటి ఒడ్డున రెల్లుగట్టు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకాలు అని ఒక చాకలి మనిషి. మొగుడి పేరు గవిరయ్య. పిల్లల్లేరు. ఒక గుడిసె, ఒక గాడిద, రేవులో ఒక బండ. అంతే వాళ్ళ కాపురం.

నూకాలుకి ఒక అలవాటు. ఉతుకుతూ బండతో మాట్లాడేది. బట్ట ఎత్తి కొట్టేది, ఒక మాట అనేది. మళ్ళీ కొట్టేది, ఇంకో మాట అనేది.

"నిన్న పులుసులో ఉప్పెక్కువైందట. ఎక్కువైతే రెండు నీళ్ళు పోసుకోరాదా? అలిగి అరుగు మీద పడుకున్నాడు మారాజు." ఠప్!

"రాజుగారు మూడో రాణిని తెచ్చుకున్నారట. ఒక్క మొగుడితోనే నేను వేగలేకపోతున్నాను. ముగ్గురితో ఆయనెలా వేగుతున్నారో!" ఠప్!

పక్క బండల దగ్గర ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవారు. రేవులో నూకాలు లేని రోజు వాళ్ళకి పొద్దుపోయేది కాదు.

ఒకనాడు ఊళ్ళో దండోరా పడింది. కొండ అవతలి రాజు మీద యుద్ధమట. ఎందుకయ్యా అంటే మూడు కారణాలు చెప్పారు. ఆ రాజు మన రాజుగారి మీసం చూసి నవ్వాడట. ఆ రాజు ఏనుగు మన చెరుకు తిన్నదట. మూడోది రాచకార్యం, అది మనకి చెప్పకూడదట.

ఇంటికొక మగాడు రావాలన్నారు. వచ్చినవాడికల్లా ఒక ఎర్ర అంగీ ఇచ్చారు. గవిరయ్యకిచ్చిన అంగీ చంకల్లో బిగిసిపోయింది. నూకాలు తన పాత పచ్చకోక చించి చంకల కింద అతుకులు వేసింది. వేస్తున్నంతసేపూ సణిగింది.

"గాడిదని అదిలించడమే రాదు నీకు. ఏనుగుల మీదికి పోతావేటి?"

ప్రయాణం నాటి పొద్దున గవిరయ్య గంజిలో ఉప్పు లేదని అలిగాడు. గంజి ముట్టకుండానే బయల్దేరాడు. ఏటి మలుపు దగ్గరైనా వెనక్కి తిరుగుతాడని నూకాలు గుమ్మంలో నిలబడి చూసింది. తిరగలేదు.

కొన్నాళ్ళకి రాజుగారి ఎడ్లబండి రేవుకొచ్చింది. బండినిండా ఎర్ర అంగీలు. అన్నీ బురద.

"మనుషులేరీ? అంగీలే వచ్చాయేటి?" అని అడిగింది నూకాలు.

"రాజుగారు వాళ్ళకి కొత్తవి కుట్టించారమ్మా. పాతవి నువ్వు ఉతికిపెట్టు," అన్నాడు బండివాడు.

నూకాలు ఉతికింది. ఆరేసింది. మడతపెట్టింది.

ఇంకొన్నాళ్ళకి బండి మళ్ళీ వచ్చింది. ఈసారి అంగీల నిండా నల్లటి మరకలు. అక్కడక్కడా చిరుగులు.

"ఈ మరకలేటి బాబూ?"

"తాంబూలం మరకలమ్మా. మనం గెలిచాం కదా, విందులు చేసుకున్నారు. తిన్నంత తిని ఒకళ్ళమీద ఒకళ్ళు ఉమ్ముకున్నారు."

నూకాలు బండతో ఏమీ అనలేదు. ఉతికింది. ఏటి నీళ్ళు ఎర్రబడి కిందికి పోయాయి. ఆరేసింది. మడతపెట్టింది.

అంతలో ఇంకో దండోరా పడింది. మన సైన్యంలో ఒక్కడంటే ఒక్కడు కూడా చావలేదట. గెలిచిన ఊళ్ళలో మన మగవాళ్ళకి రాజుగారు పొలాలిచ్చారట, ఇళ్ళిచ్చారట, అక్కడి పిల్లల్నిచ్చి పెళ్ళిళ్ళు చేశారట. అందుకే ఎవరూ తిరిగి రావడం లేదట.

రెల్లుగట్టు ఆడవాళ్ళు కొయ్యబారిపోయారు. ఆ తర్వాత ఏడ్చారు. ఆ తర్వాత దుమ్మెత్తిపోశారు. పసుపుకుంకుమలు చూసుకుని మొగుళ్ళని తిట్టారు. పిల్లల్ని ఒళ్ళో వేసుకుని మొగుళ్ళని తిట్టారు. నూకాలు అందరికంటే ఎక్కువ తిట్టింది.

"ఉప్పు లేదని అలిగి ఊరు దాటి కాపురం పెట్టావా గవిరయ్యా? అదెవతో నీకు సమంగా ఉప్పేస్తోందా?" ఠప్! ఠప్! బండ పగిలేలా కొట్టింది. ఆ రోజు రేవులో ఎవరూ నవ్వలేదు.

మూడోసారి బండి వచ్చింది. బండివాడు మొహం చూపించలేదు. మూటలు కిందికి తోసి, "తొందరగా ఉతుకు. రాజుగారు మళ్ళీ జనాన్ని కూడగడుతున్నారు. ఈసారి పదహారు దాటిన కుర్రాళ్ళు. రేపు మామిడితోపులో వాళ్ళకి ఇవే తొడుగుతారు," అని ఎడ్లని తోలుకుపోయాడు.

నూకాలు మూట విప్పింది. పైనున్న అంగీ తీసి నీళ్ళలో ముంచబోయింది. చంక కింద ఏదో పచ్చగా కనబడింది.

తన కోక. తన కుట్టు.

రొమ్ము దగ్గర అరచెయ్యి పట్టేంత చిరుగు. చిరుగు చుట్టూ గడ్డకట్టిన మరక. నూకాలు ఆ చిరుగులో చెయ్యి పెట్టింది. చెయ్యి వీపులోంచి బయటికొచ్చింది.

ఆవిడ నీళ్ళలో నిలబడిపోయింది. మోకాళ్ళ దాకా నీళ్ళు పోతున్నాయి, ఆవిడకి తెలియలేదు. పక్క బండ మనిషి వచ్చి భుజం కుదిపితే, ఒక్క మాట అంది.

"నా మొగుడు ఎక్కడికీ పోలేదే. చచ్చిపోయాడు. నేను తిట్టాను."

ఆ అంగీ ఉతకలేదు. ఒక్క అంగీ కూడా ఉతకలేదు.

మర్నాడు మామిడితోపులో డప్పులు మోగుతున్నాయి. గద్దె మీద రాజుగారు. ఆయన పక్కన పట్టుబట్టల్లో యువరాజు. ఎదురుగా వరసగా కుర్రాళ్ళు, మీసాలు కూడా సరిగా రాలేదు. వాళ్ళ వెనక తల్లులు, వదినలు, చెల్లెళ్ళు. నూకాలు గాడిదని తోలుకుంటూ వచ్చి, మూటలన్నీ రాజుగారి ముందు గుమ్మరించింది.

"ఓలమ్మలారా, రండే! మీ మొగుళ్ళు ఏ ఊళ్ళో కాపురాలు పెట్టారో చూసుకోండే!"

డప్పులు ఆగిపోయాయి. ముందు ఒక ముసలిది వచ్చింది. ఒక అంగీ మెడపట్టి చూసి, అక్కడే కూలబడింది. కొడుకు అంగీ మెడకి తాయెత్తు కుట్టింది ఆవిడే. ఇంకొకతె వచ్చింది. ఇంకొకతె. అంగీల మీద పడి, తిరగేసి, వాసన చూసి, ఒక్కొక్కతీ రాయైపోతోంది.

"అది కోడి రక్తం!" అని అరిచాడు దళవాయి. దళవాయంటే సేనకి పెద్ద.

నూకాలు గవిరయ్య అంగీ రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. చిరుగులోంచి రాజుగారి మొహం కనబడుతోంది.

"మారాజా, తమరు చెప్పింది నిజమే అవనీండి. ఇది కోడి రక్తమే అవనీండి. అయితే ఇది మీ అబ్బాయికి తొడగండి."

యువరాజు వెనక్కి జరిగాడు. అది అందరూ చూశారు.

దళవాయి ఈటె విసిరాడు. అందరూ చూస్తుండగా, పట్టపగలు, ఆయుధం లేని ఆడమనిషి మీద. నూకాలు అంగీల కుప్ప మీద పడింది. మళ్ళీ లేవలేదు.

రాజుగారు కుప్పవైపు చూసి, "ఇంకో చాకలిని పిలవండి. ఇవి ఉతికించండి," అన్నారు.

జనం ఆ మాట విన్నారు.

చాకళ్ళని పిలిచారు. ఎవరూ కదల్లేదు. అంగీలు తొడుక్కోమని కుర్రాళ్ళని పిలిచారు. ఎవరూ కదల్లేదు. జనాన్ని తరమమని భటుల్ని పిలిచారు. ఆ భటుల్లో ఒకడు తన అన్న అంగీ పట్టుకుని కింద కూర్చుని ఉన్నాడు. వాడూ కదల్లేదు. ఆఖరికి పల్లకీ తెమ్మన్నారు. బోయీలు పల్లకీ దించి, నూకాలు దగ్గరికెళ్ళి నిలబడ్డారు. రాజుగారు, యువరాజు, దళవాయి నడిచే కోటకి వెళ్ళారు. చెప్పుల చప్పుడు చాలా దూరం వినబడింది.

యుద్ధానికి మనుషులు లేరు. కొండ అవతలి రాజు వచ్చి కోట తీసుకున్నాడు. అంతా చూశాడు, అదే పన్ను వేశాడు. ఏటికి అవే నీళ్ళు, పొలాలకి అదే ఎండ. రెల్లుగట్టు వాళ్ళు చాలాకాలం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "దీనికోసమా మనవాళ్ళు చచ్చింది?" అని అడిగేవారు.

గవిరయ్య అంగీ కప్పి నూకాలుని ఏటి ఒడ్డునే పూడ్చారు. మిగిలిన అంగీలు ఎవరివి వాళ్ళు ఇళ్ళకి తీసుకెళ్ళారు. ఉతకలేదు.

ఇప్పటికీ ఆ ఏటి పొడుగునా ఊళ్ళలో, జీపెక్కి మైకులో ఎవరైనా యుద్ధం, యుద్ధం అని అరిస్తే, జనంలోంచి ఎవరో ఒక ముసలమ్మ, "మీ అబ్బాయికి తొడిగారా బాబూ?" అంటుంది. దాన్ని నూకాలు మాట అంటారు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ఊళ్ళ నుంచి ఎవరైనా పటాలానికి వెళ్తే, వెళ్ళేముందు విడిచిన చొక్కా ఇంట్లో ఆడవాళ్ళు ఉతకరు. చెమట వాసనతో అలాగే దండెం మీద వేస్తారు. మనిషి గడపలో అడుగుపెట్టాకే అది రేవుకి వెళ్తుంది.

కొన్ని ఇళ్ళలో ఆ చొక్కా ఇంకా దండెం మీదే ఉంది.