రొట్టె కాచేవాడు

"కరువొస్తే నా గాదెలకు తాళాలుండవు." తుమ్మగుంట జమీందారు పట్టాభిషేకం నాడు జనం ముందు ఇచ్చిన మాట ఇది. మూడేళ్ళకు కరువొచ్చింది. తాళాలు రెట్టింపయ్యాయి.

ఆ ఏడాదే ఇంగ్లీషువాళ్ళు ఆయనకు 'లార్డ్' బిరుదిచ్చారు. నిండు సభలో, కలెక్టరు ఎదుట, దుబాసి ఆ మాటను గర్వంగా వివరించాడు. "ఇది వాళ్ళ భాషలో చాలా పాత మాట. మొదట్లో దీనికి రొట్టెను కాచేవాడు అని అర్థం. ఆయన రొట్టె తినేవాళ్ళే ఆయన మనుషులు."

జమీందారు మీసం దువ్వాడు. "విన్నారుగా! ఇకమీద నా మనుషుల్లో ఎవడు నన్ను లార్డ్ అనకపోయినా కొరడా దెబ్బలే."

ఆ గాదెలన్నీ అల్లిన మేదరి గురప్ప లేచాడు. అతని ఇంట్లో పొయ్యి వెలిగి నాలుగు రోజులైంది.

"అయ్యగారూ, కాపలా బాగానే ఉంది. తినేవాళ్ళేరీ? మీ రొట్టె ముక్క మా నోట పడలేదు. అంటే మేం మీ మనుషులం కాము. మరి కొరడా ఎవరి మీద?"

"నోర్ముయ్ రా! ఈ నేల మీదున్న వాళ్ళంతా నా మనుషులే!"

"అయితే మా రొట్టె ఏదండీ?"

ఆకలి నిలదీస్తే సింహాసనాలకు మాట రాదు. కలెక్టరు ఆ ప్రశ్నను తర్జుమా చేయించుకుని, జవాబు కోసం జమీందారు వైపు తిరిగాడు.

"ఆలోచించాలి," అని గొణిగాడు జమీందారు.

"ఆలోచించండి," అన్నాడు గురప్ప. "గాదెలు తెరుస్తారో, ఈ సభలోనే బిరుదు తిరిగిచ్చేస్తారో, మాఘ పౌర్ణమి పొద్దు గుంకేలోగా చెప్పండి."