గుర్తు ఇటుక మీద చిన్న గిట్ట

పులి దొరకు కోట కట్టుకోవాలని మోజు పుట్టింది. దాంతో అడవి చివర, వాగు ఒడ్డున ఇటుకల బట్టీ వెలిసింది. మట్టి వాగుది, కట్టెలు అడవివి, కోట దొరది. చెమట మాత్రం, లోకంలో ఎక్కడైనా అంతే కదా, కూలి జీవాలది.

వాగులోంచి మట్టి మోసేది గాడిదలు. అచ్చులు పోసేది కోతులు. ఎండిన ఇటుకలను బండి మీద పాకలోకి చేర్చేది కర్రెద్దు తాత. వీళ్ళందరి నెత్తిన మేస్త్రీ నక్క. ఆ వీపు మీదికి ఒక్క మట్టిగడ్డ కూడా ఏనాడూ ఎక్కలేదు. అందుకే అది అంత నున్నగా ఉండేది.

గాడిదల్లో అందరికన్నా చిన్నది బూడిది. పాలపళ్ళు పూర్తిగా ఊడకముందే తల్లయింది. కూతురి పేరు గుజ్జి. గుజ్జి తండ్రి ఉప్పు మూటల బిడారు వెంట పోతూ "వానలు పడేలోగా వచ్చేస్తా" అన్నాడు. ఏ ఏటి వానలో చెప్పలేదు.

బట్టీ పక్కన మేసే మేకమ్మ మొదటి రోజే అడిగేసింది. "ఏమే, పిల్లకు పిల్లా? నిన్ననే కదే నీ అమ్మ వెనకాల తోక పట్టుకుని తిరిగావు!"

"అవును పిన్నీ. ఇవాళ నా తోక పట్టుకుని ఇది తిరుగుతోంది. కాస్త జరుగు, దానికి నీడ తగలనీ," అంది బూడిది. నాలుగు మాటలు పడ్డంత మాత్రాన పిల్లకు పాలు తగ్గవని దానికి అప్పటికే తెలుసు.

ఆ బట్టీలో కూలి లెక్కకు ఒక పద్ధతుంది. గాడిద తెచ్చిన ప్రతి మోత మట్టితో కోతులు పోసే మొదటి ఇటుక పచ్చిగా ఉండగానే, దాని మీద మోసిన గాడిద గిట్ట ఒత్తాలి. అది గుర్తు ఇటుక. దాన్ని పాకలో విడిగా పేరుస్తారు. పది గుర్తులకు ఒక సోలెడు ఉలవలు. ఇది పులి దొర పెట్టిన కట్టుబాటు కనుక మేస్త్రీ రోజూ పొద్దున్నే గుట్టెక్కి అరిచేవాడు.

"గిట్ట పడితే?"

"కూలి పడాలి!" అని అందరూ అరవాలి. అరవనివాళ్ళకు ఆ పూట నీళ్ళుండవు.

బూడిదికి ఒకటే దిగులు. మృగశిర కార్తె వస్తే బట్టీ మూత. నాలుగు నెలల పాటు పని ఉండదు. పాలు మరవని పిల్లతో ఆ నాలుగు నెలలూ గడవాలంటే పదిహేను సోలలైనా చేతిలో ఉండాలి. అందుకని మొదట్లో వచ్చిన ఉలవల్లో సగానికి పైగా తినకుండా కుండలో పోసి మూత పెట్టింది. పది రోజులకే పాలు తగ్గాయి. గుజ్జి ఏడుపు వాగు అవతలికి వినిపించింది.

కర్రెద్దు తాత బండి ఆపాడు. "ఏం మనవరాలా, కుండకు పెడుతున్నావట, కడుపుకు పెట్టడం లేదట?"

"వానాకాలానికి తాతా."

"వానాకాలం దాకా పిల్ల బతకాలి కదా. పాలిచ్చే తల్లి పస్తుంటే దాన్ని పొదుపు అనరు. పిల్ల నోటికాడిది తీసి పిల్లకే దాచడం అంటారు. ముందు పాలకు తియ్యి. ఆ తర్వాత వానలకు తియ్యి. ఏమైనా మిగిలితే నీ సరదాకు."

"మిగలకపోతే?"

"గాడిదకు సరదా అంటే ఏముంది, ఇసకలో పొర్లడమేగా. దానికి ఉలవలు అక్కర్లేదు."

బూడిదికి నవ్వొచ్చింది. లెక్క కూడా కుదిరింది. కుండలోవి ముందు పాలకు తీసేసి, మొత్తం మీద నాలుగు సోలలు సంపాదిస్తే రెండున్నర తీసుకోవడం, ఒకటిన్నర మేస్త్రీ గాదెలోనే నిలవ ఉంచడం. ఎలుకల భయం లేదనుకుంది. గుట్ట మీద నిలబడి లెక్క చెప్పే పెద్ద ఎలుక సంగతి తట్టలేదు. మొదటి నుంచీ, పది మోతలైనప్పుడల్లా మాత్రం ఒక కానుగ గింజను తన కుండలో వేసుకునేది. అది తాత చెప్పింది కాదు, దాని సొంత బుద్ధి.

అంతకుముందు, బూడిది పనిలో చేరిన రోజే మేస్త్రీ గుజ్జిని చూశాడు. "ఈ బుజ్జిముండ ఎందుకొచ్చింది?"

"ఇంటి దగ్గర వదిలితే తోడేళ్ళు తిరుగుతున్నాయి మేస్త్రీ గారూ. నా వెనకాలే నడుస్తుంది. ఎవరికీ అడ్డం రాదు."

"అయ్యో, రానీ తల్లీ! పిల్లలంటే నాకు ప్రాణం." నక్క వినయం అలాగే ఉంటుంది, చెవులు వాల్చి మరీ. "ఒక్క మాట. నువ్వు గిట్ట ఒత్తినప్పుడల్లా పక్కన దీని గిట్ట కూడా ఒత్తించు. వచ్చినట్టు గుర్తుండాలి కదా."

"గుర్తెందుకండీ?"

"లెక్కకమ్మా. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన! చెప్పింది చెయ్యి."

చెప్పింది చేసింది. గుజ్జికి అదొక ఆట. చల్లటి పచ్చి మట్టిలో గిట్ట ఒత్తి, అమ్మ గిట్ట పక్కన తన గిట్ట ఎంత చిన్నగా పడిందో వంగి చూసుకునేది.

రోళ్ళు పగిలే రోహిణి కార్తె ముగిసింది. లెక్క తేల్చే రోజు వచ్చింది. ఆకాశంలో పడమటి వైపు మబ్బు నల్లగా లేచింది. ఆరు వేల పచ్చి ఇటుకలు ఇంకా ఆరుబయటే ఉన్నాయి. వాన పడేలోగా పాకలోకి చేరకపోతే మళ్ళీ మట్టే.

"తొందరగా కానివ్వండి," అని మేస్త్రీ గుట్టెక్కాడు. "బూడిది! మూడు వందల డెబ్బై గిట్టలు."

"నాలుగు వందలండీ," అంది బూడిది. దాని గొంతు దానికే వినపడనంత చిన్నగా ఉంది.

"నీకు లెక్కలొచ్చా?"

"రావు. గింజలు వేసుకున్నా." కుండ వంపింది. నలభై కానుగ గింజలు. కోతులు పాకలోకెళ్ళి గుర్తు ఇటుకలు లెక్కపెట్టి వచ్చి తలలూపాయి.

మేస్త్రీ ముక్కు గీరుకున్నాడు. "సరే, నాలుగు వందలు. నలభై సోలలు. తీసుకున్నది ఇరవై ఐదు. నిలవ పదిహేను."

బూడిది గుండె కుదుటపడింది. సరిగ్గా వానలకు సరిపడా.

"ఇక కోతలు. నీ పిల్ల తాగిన నీళ్ళు, నమిలిన చిట్టు, పడుకున్న నీడ. పది మోతలకు అరసోల చొప్పున ఇరవై సోలలు. పదిహేనులోంచి ఇరవై పోతే, నువ్వే ఐదు సోలలు బాకీ."

బూడిది పాక వైపు చూసింది. "నీడకు కూడానా మేస్త్రీ గారూ?"

"పాక నీ తాత కట్టించాడా? భయపడకు. ఐదు సోలలకు పిల్లను ఇక్కడ ఉంచి వెళ్ళు. వచ్చే ఏడు మోతకు వస్తుంది. బాకీ తీరగానే పంపేస్తా."

"ఎప్పటికి తీరుతుంది?"

"అది తాగే నీళ్ళను బట్టి."

గుజ్జి తల్లి కడుపు కిందికి దూరింది. ఏడిస్తే బాగుండుననిపించింది బూడిదికి. కానీ ఏడిస్తే లెక్క మారదు. అది మేకమ్మ వైపు చూసింది.

"మేకమ్మ పిన్ని రోజూ ఈ నీడలోనే పడుకుంటుంది. ఈ తొట్టిలోనే తాగుతుంది. పిన్నికి కోత లేదేం?"

"నన్నెందుకు లాగుతావే మధ్యలో, నా మానాన నేను మేస్తుంటే!" అని మేకమ్మ లేచి నిలబడింది.

"మేకమ్మ బట్టీ తల కాదు," అన్నాడు మేస్త్రీ విసుగ్గా. "ఇటుక మీద గిట్ట ఉన్నది బట్టీ తల. బట్టీ తలకే కోత. మీ అందరికీ లేదా? సోలలో పంజా పెట్టి, అంత మేర తగ్గించి కొలిచేది మరెందుకనుకున్నారు? నీ పిల్ల గిట్ట నాలుగు వందల ఇటుకల మీద ఉంది. వెళ్ళి చూసుకో. అది ముమ్మాటికీ బట్టీ తలే!"

బూడిదికి ఆ నాలుగు వందల చిన్న గిట్టలూ ఒక్కసారిగా కళ్ళముందు కనపడ్డాయి. తల ఎత్తి, రోజూ పొద్దున్నే మేస్త్రీ అరిచినట్టే అరిచింది.

"గిట్ట పడితే?"

"కూలి పడాలి!" అన్నాయి గాడిదలూ కోతులూ, అలవాటు కొద్దీ. అన్నాక ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. మేకమ్మ కూడా అంది, దానికేమీ సంబంధం లేకపోయినా.

"అయితే వినండి మేస్త్రీ గారూ," అంది బూడిది. "గుజ్జి బట్టీ తల అయితే, దానికి నాలుగు వందల గిట్టలకు నలభై సోలల కూలి రావాలి. మీ కోత ఇరవై పట్టుకోండి. ఇంకో ఇరవై, నా పదిహేను. ముప్పై ఐదు సోలలు కొలవండి. బట్టీ తల కాదంటారా, కోత లేదు. నా పదిహేను కొలవండి. రెంట్లో ఏదో ఒకటి చెప్పండి."

మేస్త్రీ తోక కిందికి వాలింది. "అది... పసిగుడ్డు! మట్టి మోసిందా ఏమన్నా?"

"మోయలేదు."

"మరి? నేను ఏదీ ఇవ్వనంటే ఏం చేస్తావు?"

దానికి జవాబు కర్రెద్దు తాత ఇచ్చాడు. కాడి కిందినుంచి మెడ తప్పించుకుని, బండి ముందు నేల మీద నెమ్మదిగా కూర్చున్నాడు. కూర్చుని నెమరు మొదలెట్టాడు. గాడిదలు వీపుల మీది సంచులు దులిపేశాయి. కోతులు అచ్చులు బోర్లించి వాటి మీద కూర్చున్నాయి.

ఉరిమింది. మొదటి చినుకు మేస్త్రీ ముక్కు మీదే పడింది.

"తాతా! లేవయ్యా! ఇటుకలు కరిగితే దొర నా తోలు వలుస్తాడు!"

"వలుస్తాడు," అన్నాడు తాత. "మా తోలు ఎప్పుడో వలిచేశారు కనుక మాకు భయం లేదు. ముందు పిల్లదాని లెక్క తేల్చు. మేం అడిగేది ధర్మం కాదు, మోసినదానికి కూలి."

మేస్త్రీ దిగివచ్చి బూడిది ముందు నిలబడ్డాడు. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడంటారు, నక్క ఎంత! "ఏది కావాలో నువ్వే చెప్పు తల్లీ."

"ముప్పై ఐదు అడగవే పిచ్చిదానా!" అని మేకమ్మ గుసగుసగా అరిచింది.

ముప్పై ఐదు సోలలు. బూడిది ఒక్క క్షణం ఆ రాశిని మనసులో చూసింది. ఆ పక్కనే ఇంకోటి కూడా చూసింది. ఈ ఏడు గుజ్జి పేరిట కూలి తీసుకుంటే గుజ్జి బట్టీ తల అయినట్టే. వచ్చే ఏడు దాని వీపు మీద సంచి వేసేటప్పుడు వద్దనడానికి నోరుండదు.

"పదిహేను చాలు. సోలలో పంజా పెట్టకుండా కొలవాలి. గుట్టెక్కి ఒక్క మాట చెప్పాలి: పాలు మరవని పిల్ల బట్టీ తల కాదని, దాని నీళ్ళకూ నీడకూ తల్లి కూలి కొయ్యకూడదని. నా పిల్లకే కాదు, ఏ పిల్లకైనా."

చినుకులు చిక్కనవుతున్నాయి. మేస్త్రీ గుట్టెక్కి చెప్పాడు. వాన చప్పుడుకు వినపడలేదని కోతులు మళ్ళీ చెప్పించాయి. తర్వాత పదిహేను సోలలు, పంజా పెట్టకుండా నిండుగా, కొలిచాడు.

అప్పుడు లేచాడు తాత. అందరూ కదిలారు. ఆరు వేల ఇటుకల్లో అయిదు వేల పైచిలుకు పాకకు చేరాయి. మిగతా వాటి మీద తాటాకులు కప్పడానికి మేస్త్రీ కూడా పరుగెత్తాల్సి వచ్చింది, పుట్టాక మొదటిసారి. కంగారులో కాలు జారి ఒక పచ్చి ఇటుక మీద నిలువునా పడ్డాడు. లేచేసరికి దాని మీద నాలుగు వేళ్ళ పంజా అచ్చు దిగింది.

గుజ్జి వంగి చూసింది. "అమ్మా, మేస్త్రీ మామ కూడా గుర్తు వేశాడు!"

"వేశాడమ్మా," అంది బూడిది, ఉలవల కుండకు మూత బిగిస్తూ. "ఇక ఆయన తాగిన నీళ్ళు ఎవరు లెక్కపెడతారో చూడాలి."

పిల్లను సాకుగా చూపి తల్లి కూలి కోసేవాడిని కన్నీళ్ళు ఆపలేవు; దాచుకున్న లెక్క, తోడొచ్చిన నలుగురు ఆపుతారు.