ఎండను అద్దెకడిగిన మనిషి

అనగనగా అనేటంత పాతది కాదు తల్లీ ఈ కథ. తారీకుతో సహా చెబుతాను. రెండు వేల పదిహేడు, మే నెల తొమ్మిది, మంగళవారం. గాలి లేదు, ఆకు కదలదు. వీధికుక్క ఎక్కడ పడుకున్నా నేల కాలుతుంటే లేచి మళ్ళీ నీడ వెతుక్కుంటోంది. అలాంటి రోజున గోరింటపాడు అనే ఒక ఊళ్ళో పేరిందేవి తన మేడ మీద వడియాలు పెడుతోంది.

వడియాలు పళ్ళెంలో పెట్టకూడదు, అంటుకుని చస్తాయి. పాత పంచె తడిపి, గట్టిగా పిండేసి, దాని మీద పెట్టాలి. ఎండాక పంచె వెనక నీళ్ళు చిలకరిస్తే వాటంతటవే ఊడొస్తాయి. పక్కన ఒక నల్ల గొడుగు తెరిచి పెడితే కాకులు రావు. సరే, కథలోకి వద్దాం.

పేరిందేవి బతుకంతా ఆ వడియాల మీదే. కింద గదిలో ఆమె ఆడపడుచు వీరమ్మ పక్షవాతంతో మంచం పట్టి ఉంది. ఆ ఊళ్ళో పగలు కరెంటు ఉండదు. ఫ్యాను తిరక్కపోతే వీరమ్మకి ఊపిరాడదు. ఇలా ఉడికిపోతే ఈ వేసవి దాటదన్నాడు డాక్టరు.

అప్పుడు వీధి గుమ్మంలోకి ఒక మనిషి వచ్చాడు. నల్ల గొడుగు వేసుకున్నాడు. అంత ఎండలోనూ మొహాన చెమట చుక్క లేదు.

"మీ మేడ మీద పడే ఎండ మాకు అద్దెకివ్వండమ్మా, ఇరవై అయిదేళ్ళు. సోలార్ పలకలు మావి, బిగించేదీ మేమే. మీకు కరెంటు ఊరికే."

"మరి నా వడియాలో?"

"పలకల పక్కన బోలెడు చోటుంటుంది. మీ ఊళ్ళో ఇప్పటికే మూడిళ్ళవాళ్ళు ఇచ్చారు. వెళ్ళి చూసుకోండి."

అద్దెకివ్వకుండా పలకలు సొంతంగా కొనుక్కోవాలంటే పేరిందేవి పుట్టింటి గొలుసు అమ్మాలి. అది కూతురు రత్నమాలకని దాచింది. అల్లుడు వచ్చినప్పుడల్లా ఆ గొలుసును కళ్ళతోనే తూచి వెళ్తుంటాడు. ఊరికే వస్తుంటే గొలుసెందుకు అమ్మాలి అనుకుంది పేరిందేవి. అయినా వడియం ఎండేదాకా ఏ మేడనీ నమ్మే మనిషి కాదు. పంచె చంకన పెట్టుకుని, పిండిగిన్నెతో బయల్దేరింది.

మొదట కిరాణా కొట్టు సుబ్బిశెట్టి ఇల్లు. "పెట్టుకో అక్కా, మేడేమన్నా అరిగిపోతుందా?" అన్నాడు. పలకల పక్కన పెట్టింది. సాయంత్రానికి అవి పొద్దున్న పెట్టినట్టే తడితడిగా ఉన్నాయి. గొడుగు పెట్టకపోయినా ఒక్క కాకి వాలలేదు. కాకి కూడా ముట్టని వడియాన్ని పేరిందేవి తన జన్మలో చూడలేదు.

మర్నాడు గొడుగు మనిషి వచ్చాడు. "ఇంకా చూడాలి బాబూ" అంది.

ఆ తర్వాత పంతులమ్మ మంగతాయారు ఇల్లు. పెరట్లో తులసి పాలిపోయి, గోడ మీదుగా పక్కింటి ఎండలోకి మెడ చాచింది. మిట్టమధ్యాహ్నం పంతులమ్మ శాలువా కప్పుకుని కూర్చుంది.

"మా ఇల్లెప్పుడూ చల్లనే పేరిందేవీ. పెట్టి పుట్టాలి" అంది. అంటుంటే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

ఆ తర్వాత బుచ్చిరాజు గారి ఇల్లు. నాలుగ్గంటల వేళ. నీడలు బారెడు సాగాల్సిన వేళ. వాకిట్లో స్తంభానికి నీడ లేదు. రాజుగారు కర్ర పోటేసుకుంటూ వచ్చారు. కర్ర ఉంది, ఆయనున్నారు, కింద నేల మాత్రం ఖాళీ. పేరిందేవి తన కాళ్ళకేసి చూసుకుంది. నీళ్ళు పోసిన మజ్జిగలా ఆమె నీడ పల్చబడుతోంది.

"మొదట్లో నేనూ వెతుక్కున్నానమ్మా" అన్నారు రాజుగారు మెల్లగా. "తర్వాత మానేశాను."

వీధిలో పదడుగులు వేశాక గానీ ఆమె నీడ ఆమె దగ్గరకి రాలేదు.

గొడుగు మనిషి మూడోసారి కాగితంతో వచ్చాడు. "సంతకం పెట్టండమ్మా. లోపల ఆవిడ ఊపిరి ఇక్కడికే వినిపిస్తోంది."

నిజమే, వినిపిస్తోంది. పేరిందేవి కలం అందుకోబోయి ఆగింది.

"పైకి రండి. వడియాలు వదిలి రాలేను" అంది.

మేడెక్కాడు. "కాస్త ఆ గొడుగిటివ్వండి బాబూ, కాకులు పాడుచేస్తున్నాయి" అంటూనే అతని చేతిలోంచి తీసేసుకుంది.

అతని కాళ్ళ దగ్గర మూడు నీడలు పడ్డాయి. ఒకదానికి శెట్టిగారి బొజ్జ. ఒకదానికి పంతులమ్మ ముడి. ఒకదాని చేతిలో కర్ర. నాలుగోది లేదు.

"ఇవి మా ఊరివి" అంది పేరిందేవి.

"అద్దెకిచ్చినవేనమ్మా."

"మరి నీదేది?"

అతను గొడుగైనా అడక్కుండా మెట్లు దిగిపోయాడు. మూడు నీడలూ మెట్టు మెట్టుకీ తగులుకుంటూ వెనకే వెళ్ళాయి. కర్ర నీడ మాత్రం ఒక్కసారి ఆగి వెనక్కి చూసినట్టయింది.

ఆ వారమే పేరిందేవి గొలుసు అమ్మేసింది. సగం మేడ మీద సొంత పలకలు, సగం మేడ మీద వడియాలు. ఫ్యాను తిరిగింది. వీరమ్మ ఆ వేసవి దాటింది, ఆ పైన ఇంకో మూడు వేసవులూ దాటింది.

ఆరేళ్ళకి పేరిందేవి కూడా పోయింది. ఇల్లూ పలకలూ రత్నమాలకి వచ్చాయి. గొలుసు కోసం కళ్ళు కాయలు కాసిన అల్లుడికి ఏమీ రాలేదు. వడియాల పంచె మాత్రం పేరిందేవి పోయేముందే నాకిచ్చింది, ఆవిడకి పిండి కలిపిపెట్టేదాన్ని కదా. ఇప్పుడు నువ్వు కప్పుకున్నది అదే. ఎండవాసన లేదూ?

సుబ్బిశెట్టి కొట్టు కొడుక్కి, పంతులమ్మ పెరడు చెల్లెలికి, రాజుగారి ఇల్లు మనవడికి వచ్చాయి. ఎండ మాత్రం వాళ్ళెవరికీ రాలేదు, గడువింకా తీరలేదు. ఆ మనిషి గొడుగు ఇప్పటికీ పేరిందేవి మేడ మీదే ఉంది. దాని కోసం ఎవరూ రాలేదు, ఇంతవరకూ.

కాకి పోయె కొమ్మకి,
ఎండ పోయె కొండకి,
కథ నడిచె కంచికి,
మన నీడతో మనం ఇంటికి.