కంపచాటమ్మ సన్నిధికి మచ్చుకత్తితో దారి

గుండ్లమిట్ట దగ్గర బస్సు దిగి, తూర్పుగా కొండ వైపు రెండు మైళ్ళు నడిస్తే కంపచాటమ్మ కోన వస్తుంది. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, అమ్మవారి నెత్తిన కప్పు కూడా లేదు. కోన మొదట్లో రాతి స్తంభాల మీద వేసిన చిన్న సావిడి ఒకటి ఉంది. అందులో అడ్డంగా కట్టిన దూలానికి మచ్చుకత్తులు వరుసగా వేలాడుతుంటాయి. వాటి వెనుక మనిషి ఎత్తున కంప. కొత్తగా వచ్చిన భక్తులు కొబ్బరికాయల సంచి పట్టుకుని గుడి ఎక్కడని అడుగుతారు. పూజారమ్మ నవ్వి, సంచి పక్కన పెట్టించి, ముందు కత్తి ఎంచుకోమంటుంది.

ఎంచుకోవడమూ అంత సులువేమీ కాదు. పట్నం నుంచి వచ్చిన మగవారిలో నూటికి తొంభై మంది అన్నిటికన్నా పొడవైన కత్తి మీదే చెయ్యి వేస్తారు. పూజారమ్మ వారించదు. పది అడుగులు పోకముందే ఆ కత్తి కొమ్మల్లో ఇరుక్కుంటుంది, పెద్దమనిషి తిరిగి వచ్చి గొంతు తగ్గించి పొట్టిది అడుగుతాడు. ఇందులో సిగ్గుపడవలసింది లేదు. ఈ కోనలో అమ్మవారు వెలిసిన రోజున కూడా ఊరు ఊరంతా ఆ తప్పే చేసింది.

పూర్వం ఇక్కడ అడుగు పెట్టడానికి సందు లేని కంప ఉండేది. రేణి, పరికి, గచ్చ పొదలు ఒకదానినొకటి అల్లుకుని గోడ కట్టాయి. దాని అంచున గొర్రెలు మేపుకునే కురువ ఇల్లాలు ఈరక్క. పెళ్ళయిన పద్నాలుగేళ్ళకు, అత్తగారు ఆశ వదులుకుని, ఇరుగుపొరుగు అడగడం మానేశాక, ఆమెకు తిమ్మక్క పుట్టింది. మూడేళ్ళ ఆ పిల్లను ఈరక్క నేల మీద నడవనిస్తే గొప్ప. ఆ ఏడు వానలు లేక, ఆమె భర్త లింగన్న పెద్ద మందను మేత కోసం దూరదేశం తోలుకుపోయాడు. ఇంటి దగ్గర తల్లీ, బిడ్డా, నాలుగు గొర్రెపిల్లలూ మిగిలారు.

ఒకనాటి ఉదయం ఈరక్క ఆకు కోస్తుండగా, గొర్రెపిల్ల ఒకటి అడవిపందులు చేసిన ఇరుకు సందులోంచి కంపలోకి దూరింది. దాని వెనుకే తిమ్మక్క దూరింది. రేణికంపకు ఒక ముల్లు నిటారుగా, ఒక ముల్లు వంకరగా ఉంటుంది. లోపలికి పోయేవారిని పోనిస్తుంది, తిరిగి రానివ్వదు. పిల్ల కొంత దూరం పాకి, వెనుదిరగబోయి చిక్కుకుపోయింది. లోపలి నుంచి “అమ్మా” అన్న కేక వినిపించేసరికి ఈరక్క ఆకు పారేసి ఉరికింది. ఒట్టి చేతులతో కంప లాగింది. చేతులు నెత్తురైనాయి గాని కంప జానెడు కదలలేదు.

ఆమె అరుపులకు ఊరు కదిలి వచ్చింది. పెద్ద రైతు బసిరెడ్డి ముందు నడిచాడు. మంచి మనిషి, ఆలోచన కన్నా చెయ్యి ముందు లేచే రకం. ఇంటింటి నుంచి గొడ్డళ్ళు వచ్చాయి. ఆయుధపూజనాడు పసుపు కుంకుమ అందుకునేది గొడ్డలే గనుక, ఆపద వస్తే దాన్నే తీయాలని వారి లెక్క. బసిరెడ్డి కాళ్ళు ఎడం చేసి నిలబడి బలంకొద్దీ ఒక వేటు వేశాడు. మానైతే తెగేది. వేలెడంత లావు కంప వంగి, గొడ్డలిని వెనక్కి తోసి, తాను మాత్రం ఎప్పటిలాగే నిలిచింది. ఒకచోట దెబ్బ పడితే అల్లిక మొత్తం ఊగింది. లోపల పిల్ల కెవ్వుమంది.

ఈరక్క పరుగున వచ్చి గొడ్డలికి అడ్డం పడింది.

“కొట్టొద్దయ్యా! నా బిడ్డ యాడుందో మీకు కనపడతాందా?”

“కొట్టకుంటే దారెట్లొస్తాదమ్మా?” అన్నాడు బసిరెడ్డి. ఆయన కళ్ళలోనూ నీళ్ళే.

ఎవరో కొడవలి అందించారు. రెండు కొమ్మలు కోసేసరికి దాని పలుచని అలుగు మడతపడింది. కంపకు నిప్పు పెడదామని ఇంకెవరో నోరు తెరిచి, ఈరక్క ముఖం చూసి మూసుకున్నారు. అప్పుడామె అక్కడ నిలబడలేదు. ఊరి చివర కమ్మరి కొలిమికి పరుగెత్తింది.

కమ్మరి మౌనాచారి పేరుకు తగినవాడు, రోజుకు పది మాటలు మించడు. ఆమె చెప్పింది విని, దూలానికి వేలాడే కత్తులు చూపకుండా మూడు ప్రశ్నలు అడిగాడు.

“కొట్టేదెవురు ఈరక్కా?”

“నేనే అన్నా.”

“ఎంత సేపు?”

“బిడ్డ చేతికొచ్చేదాకా.”

“దెబ్బ ఏ దిక్కుకు పోవల్ల?”

ఉదయం నుంచీ ఆ మాట ఎవరూ అడగలేదు. “బిడ్డ దిక్కుకు పోగూడదన్నా. ఆ పక్కనుంచి నా పక్కకు రావల్ల.”

మౌనాచారి పొడవైన వేటకత్తిని చేత్తో పక్కకు నెట్టాడు. లోపలి గోడకు తగిలించిన మచ్చుకత్తిని దించాడు. మూరెడు కూడా లేదు, ముక్కు కొంకిలా లోపలికి వంగింది. పదునున్న వాదర వంపు లోపలి వైపు, వెలుపలి వీపు మొద్దు. తన పెరటి కంచె కోసం చేసుకున్నది గనుక అందానికి ఏ శ్రమా పడలేదు. చూసినవారంతా ముక్కువంకర కత్తి అని ఆటపట్టించేవారు. ఆమె చేతిలో పెట్టి, చెయ్యి కిందికి వదలమన్నాడు. బరువు మణికట్టును లాగలేదు. పిడి చివరి గుబ్బ అరచేతికి ఆనుకుని, నెత్తురుతో తడిసినా జారలేదు. “ఇది నీకు సరిపోయింది. పో తల్లీ,” అన్నాడు. ఆ రోజు పది మాటలు దాటిపోయాయి.

ఈరక్క కంప ముందు గొంతుకూర్చుంది. కత్తి ముక్కును కొమ్మ మొదలు వెనక్కి పోనిచ్చి తన వైపుకు లాగింది. కొమ్మ తెగి ఆమె ఒళ్ళోకే ఒరిగింది. ముళ్ళు దిగాయి, దిగనిచ్చింది. తెగిన కంపను బసిరెడ్డి, తక్కినవారు పంగలకర్రలతో ఈడ్చి పారేస్తూ వచ్చారు. గొడ్డళ్ళు ఒక పక్కన పడి ఉన్నాయి. ఒక కొమ్మ, ఇంకొక కొమ్మ, జానెడు దారి, మూరెడు దారి. పొద్దు నడినెత్తి దాటింది.

అప్పుడు లోపలి ఏడుపు ఆగిపోయింది.

ఈరక్క పిలిచింది. జవాబు లేదు. “ఇంగ ఆగేదానికి లేదమ్మా, వేటు వెయ్యి!” అని బసిరెడ్డి వెనుక నుంచి అరిచాడు. ఆమెకూ చెయ్యి లేచింది. కత్తి తల దాకా పోయింది. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఆమె ఆ చేతిని మెల్లగా కిందికి దించింది. మళ్ళీ ముక్కును ఆకుల్లోకి పోనిచ్చింది. కత్తి వీపు దేనికో తగిలి సన్నగా మోగింది.

ఆకులు తప్పించి చూస్తే రాతి ముఖం. పెద్ద కళ్ళు, విరిగిన ముక్కుపుడక, నడుము దాకా భూమిలో దిగబడిన అమ్మవారు. గచ్చతీగలు అమ్మవారి భుజాల మీద ఆగి, కింద చిన్న గూడులా ఖాళీ మిగిలింది. ఆ గూటిలో, అమ్మవారి పక్కకు తల ఆనించి, గొర్రెపిల్లను వాటేసుకుని తిమ్మక్క నిద్రపోతోంది. వేటు వేసి ఉంటే పడేది బిడ్డ నెత్తి మీదే.

ఈరక్కకు దండం పెట్టడం కూడా తోచలేదు. బిడ్డను రొమ్ముకు అదుముకుని, ఆ రాతి ముఖాన్ని చూస్తూ “దొరికిందమ్మా” అంది. బసిరెడ్డి పంగలకర్ర వదిలేసి నేల మీద కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఆ సాయంత్రం బిడ్డ పక్కన ఒరిగిన ఈరక్కకు కునుకు పట్టింది. అమ్మవారు కలలో కనిపించింది. “ఇన్నాళ్ళూ కంప చాటునే చల్లగా ఉండాను. నాకు గుడి కట్టొద్దు, కంపంతా కొట్టెయ్యొద్దు. నీ మాదిరి తమ పక్కకు లాక్కుంటా వచ్చేవాళ్ళకు దారియ్యి, చాలు,” అని చెప్పింది. అందువల్లనే ఇక్కడ కప్పు లేదు, కంప ఉంది.

నేటికీ ఈరక్క వంశంలోని ఆడపడుచులే పూజ చేస్తారు. వానలకు దారి ఏటా మూసుకుపోతుంది, భక్తులు ఏటా దాన్ని తిరిగి తెరుస్తారు. వచ్చిన ప్రతివారూ మూడు కొమ్మలు తమ వైపుకు లాగి కోయాలి. గొడ్డలి కోనలోకి రాదు. సంతానం కోరేవారు, బిడ్డ జబ్బు నుంచి లేచినవారు, తప్పిపోయినవారు తిరిగి ఇల్లు చేరిన కుటుంబాలవారు ఎక్కువగా వస్తారు. అమ్మవారు వారి చేతులకు ముళ్ళను, ఇళ్ళకు చల్లదనాన్ని ఇస్తుందని ఈ ప్రాంతపు నమ్మకం.

ఈ సన్నిధిలో కోరిక చెప్పుకునే ఆచారం లేదు. అమ్మవారి ఎదుటికి చేరినవారు “దొరికిందమ్మా” అని ఒక్క మాట అని తిరిగి రావాలి. మేము ఏమీ పోగొట్టుకోలేదే, ఏమని అనాలి అని కొందరు పూజారమ్మను అడుగుతారు. ఆమె వారి వెంట వచ్చిన పిల్లలను ఒకసారి చూస్తుంది. అప్పుడు వారికీ ఆ మాట వస్తుంది.