చోటు దొరకని పురుగు

పరంజ్యోతి మాస్టారికి వాదన గిట్టదు. శిష్యులేదైనా అడిగితే, తాను చూసిన ఒక చిన్న సంగతి చెప్పి ఊరుకొనేవారు. అర్థం వెతుక్కోవడం వాళ్ల వంతు.

ఆయన దగ్గర ఆఖరిగా పరిశోధనకు చేరిన హైమావతి కాడిస్ ఈగల్లో ఒక కుటుంబాన్ని వర్గీకరిస్తోంది. వాగు అడుగున ఇసుక రేణువులు అతికించి గూడు కట్టుకొని పెరిగి, రెక్కలొచ్చాక గట్టుకెగిరే చిన్న పురుగులవి. నలభై రెండు జాతులు ఏ ప్రజాతిలోకి వస్తాయో తేలింది. ఒక్కటి మిగిలింది. ఇరవై ఆరేళ్ల కిందట మన్యంలో మాస్టారికి దొరికిన పిల్లపురుగు అది. రెక్కలొచ్చాక దాని రూపం చూడకుండా చోటు తేల్చలేమని ఆయన ఏటా తొలకరికి ఆ వాగుకే వెళ్లేవారు. ఏటా ఖాళీ సీసాలతో తిరిగొచ్చేవారు. ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి. కిటికీ దగ్గర కుర్చీలో వాన చూస్తూ కూర్చున్న మనిషిని చూసి హైమావతికి గుండె చెరువైంది.

"మాస్టారూ, పక్క ప్రజాతితో పోలికలున్నాయి కదండీ. అందులో చేర్చేసి, మీ పేరు పెడదాం. తప్పేముంది?" అంది.

మాస్టారు వాన మీంచి చూపు తిప్పలేదు. "ఒకప్పుడు నన్ను జనాభా లెక్కలకు ఆ కొండల్లోనే వేశారు" అని మొదలుపెట్టారు.

వాగొడ్డున సోంబారి అని ఒకావిడ ఉండేది. భర్త వెదురు కొట్టే పనికి ఒడిశా వెళ్లి తొమ్మిదేళ్లు. మనిషీ లేడు, కబురూ లేదు. "విధవ అని రాసెయ్యండి బాబూ, పింఛనైనా వస్తాది" అన్నాడు ఊరిపెద్ద. పాపం, ఆమె మేలు కోరే అన్నాడు. చూరుకు భర్త చేపలబుట్ట వేలాడుతోంది. వానలకు ముందు చివికిన బద్దలు తీసి కొత్తవి అల్లుతుందట; ఏనాడూ దాన్ని వాగులో దించలేదు. అది అతని పని. మాస్టారు కలం తీసేసరికి ఆమె కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడు సచ్చిపోనాడని నువ్వు సూసినావా బాబూ?"

"లేదమ్మా."

"బతికున్నాడని నేనూ సూళ్లేదు. మరెలాగ రాస్తావు?"

మాస్టారు అక్కడితో ఆపేశారు. హైమావతి తన కాగితాల వైపు చూసింది. పక్క ప్రజాతి కింద ఆ పురుగును నిన్ననే, అడక్కుండానే, ఎక్కించేసింది. ఆ వరసను అరచేత్తో కప్పుకొంది.

"మరి మీరేం రాశారు మాస్టారూ?"

"కలం జేబులో పెట్టేసి, పెన్సిలుతో రాశానమ్మా" అన్నారాయన.