లేయమ్మ నులకమంచం

అనగా అనగా అన్నానని ఏడాదీ తారీఖూ అడక్కండి, అవి మా అమ్మమ్మలకే తెలీవు. కృష్ణ ఒడ్డున ఒక పేట. ఆ పేటకొక చర్చి. చర్చి నేల అలికే ముసలిది లేయమ్మ.

అన్నం వండిన ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుడికని తీసి ముంతలో పోసేది. ఆదివారం ఆ ముంత చర్చికి మోసేది. పేటలో ఆడవాళ్లందరూ అంతే. ఆ బియ్యంతోనే పాదిరిగారి పొయ్యి వెలిగేది. చర్చిలో మాట మాత్రం మగవాళ్లదే!

లేయమ్మ పక్కింటి పిల్ల సలోమి. దాని మొగుడు ఏలీయా చర్చిపెద్ద. ఆదివారం వాక్యం చదివేవాడు, సోమవారం పెళ్లాన్ని గొడ్డును బాదినట్టు బాదేవాడు.

లేయమ్మ పాదిరి దగ్గరికెళ్లింది. "అయ్యగారూ, పిల్లకి చెయ్యిరిగింది."

"ఓర్చుకోమను లేయమ్మా. ప్రార్థన చేద్దాం."

మళ్లీ వెళ్లింది. "అయ్యగారూ, పిల్లకి పళ్లు రాలినియ్యి."

"ఓర్చుకోమను లేయమ్మా. ప్రార్థన చేద్దాం."

మూడోసారి ఏడుస్తూ వెళ్లింది. "అయ్యగారూ, పిల్లకి కడుపు పోయింది. నా ఇంటికి పారిపోయొచ్చింది."

ఈసారి పాదిరికి కోపం వచ్చింది. ఎవరి మీద? సలోమి మీద! ఆదివారం దాన్ని అందరి ముందూ మోకాళ్ల మీద కూచోబెట్టాడు. మొగుడిల్లు విడిచినందుకు తప్పు ఒప్పుకోమన్నాడు. ఏలీయా ముందువరస బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూచున్నాడు. సిగ్గులేని జన్మ!

లేయమ్మ లేచింది. ముంత చంకన పెట్టుకుంది. సలోమి రెక్క పట్టి లేపింది.

"పద తల్లీ. నిన్ను కూచోబెట్టింది దేవుడు కాదు, ఈళ్లు."

"గడప దాటావంటే నువ్వు చచ్చాక నీకు పెట్టె లేదు, గంట లేదు, సమాధుల దొడ్లో చోటు లేదు!" అని పాదిరి అరిచాడు.

"నేలంతా ఆయనదే గదయ్యా," అని లేయమ్మ గడప దాటింది.

ఆ పిడికెడు బియ్యం ఇక సలోమికే వండి పెట్టింది. దేవుణ్ణి మాత్రం వదల్లేదు. వెనక "తండ్రీ, ఓర్పియ్యి" అని అడిగేది. ఇప్పుడు తన అరుగు మీద కూచుని "తండ్రీ, ఓర్పు చాలు, నోరియ్యి" అని అడిగేది. ఆ ప్రార్థన విని ఒకరొకరే ఆడవాళ్లు అరుగు దగ్గరికి చేరారు.

లేయమ్మ పోయిననాడు పాదిరి మాట నిలబెట్టుకున్నాడు. పెట్టె ఇవ్వలేదు, గంట కొట్టించలేదు, దొడ్డి తలుపు తియ్యలేదు. మగవాళ్లు వెలికి భయపడి దూరంగా నిలబడ్డారు. సలోమి లేయమ్మ పడుకునే నులకమంచం తెచ్చి వాల్చింది. ఆడవాళ్లు శవాన్ని మొయ్యకూడదని ఎవరో గొణిగారు. నలుగురాడవాళ్లు పాటెత్తుకుని మంచమెత్తారు. ముసలిదాన్ని దాని పెరట్లోనే పూడ్చారు.

ఆ పేటలో ఆడమనిషి పోతే ఇప్పుడు చర్చివాళ్లే పెట్టె ఇస్తామంటారు. ఎవరూ తీసుకోరు. నులకమంచమే కావాలి. మోసేది ఆడవాళ్లే. పాదిరిగారు వస్తానంటే రావచ్చు, వెనకాల నడవాలి.