ఎలుగుబంటికి ఎద్దు ఊపిరి

ఇప్పలకోనలో బండి లాగే లింగోజి అనే ఎద్దుకు తన ఊపిరంటే మహా ఇష్టం. దాన్ని గర్వమంటే ఒప్పుకోడు, శుభ్రత అంటాడు. పొద్దున్నే మంచుతడి ఆరని గరిక తప్ప మరొకటి ముట్టడు. ఎవరైనా ఎదురుపడితే పలకరింపు కంటే ముందు ఓ నిట్టూర్పు వదులుతాడు, వాసన తెలియాలని. చదువు లేదు, పాట రాదు, కొమ్ములు చూస్తే ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ. దేవుడిచ్చింది ఈ ఊపిరొక్కటే కాబట్టి దాన్ని నలుగురికీ పంచడం తన ధర్మమని అతని లెక్క.

ఆ ఎండాకాలం కోనలో వాగు ఎండిపోయింది. గొంతు తడవాలంటే గుట్ట దిగి అవతలి మడుగుకు పోవాలి. నడవలేని పిల్లల్నీ ముసలివాళ్ళనీ లింగోజి లాగే గూడుబండిలో ఎక్కించి తీసుకెళ్ళేవాడు భల్లయ్య అనే ఎలుగుబంటి. పగ్గాలు పట్టగల పంజాలు అతనికే ఉన్నాయని అందరూ అనేవారు. అందరికంటే ఎక్కువగా అతనే అనేవాడు. ఇప్పపూల సారా తాగడంలోనూ అతని తర్వాతే ఎవరైనా. అలా తాగి తోలిన ఒక పూట, గుట్ట మలుపులో, బండి చుక్కమ్మ అనే లేడి పెద్దకూన మీదుగా పోయింది. కూన మళ్ళీ లేవలేదు.

పంచాయితీ కూర్చుంది. ముసలి చిరుతది పెద్దరికం. భల్లయ్య తరఫున నక్క జంబయ్య లేచాడు.

"జరిగినదానికి అందరికీ బాధే. కానీ భల్లయ్య చెడ్డవాడు కాదు. తాగకపోతే బంగారం."

"నా బిడ్డ మీదికొచ్చింది ఆ బంగారం కాదు," అంది చుక్కమ్మ. "తాగినవాడు."

"కోపంలో ఉన్నావు వదినా..."

"ఎప్పటినుంచయ్యా నేను నీకు వదినని? బిడ్డను మట్టిలో పెట్టిన రోజు ఏ పొదలో పడుకున్నావు మరిదీ?"

జంబయ్య గొంతు సవరించుకున్నాడు. "సరే, వీణ్ణి దింపేద్దాం. రేపు బండి ఎవరు తోలతారు? పిల్లలు దాహంతో పోవాలా?"

దాహం అనేసరికి అందరి తలలూ వంగాయి. చిరుత కూడా మీసాలు దువ్వుకుంటూ, "వాడి బతుకుతెరువు కూడా చూడాలి కదమ్మా," అన్నాడు.

"నా బిడ్డ బతుకు ఎవరు చూశారు?"

చివరికి చిరుత తీర్పు చెప్పాడు. బండికి తాళం పెడతారు. చక్రం తిరగకుండా దాని ఆకుల మధ్య ఒక కొయ్య దూరుస్తారు. వాసనల్లో ఆరితేరిన పునుగుపిల్లి పునుగమ్మ ఇరుసు కింద బుట్టలో కూర్చుని ఆ కొయ్య పట్టుకుంటుంది. ఆవిడ ముక్కు దగ్గర్నుంచి తోలేవాడి పీట దాకా ఒక వెదురుగొట్టం. బండి కదలాలంటే భల్లయ్య అందులో ఊదాలి. సారా వాసన లేకపోతే కొయ్య తీస్తుంది, ఉంటే తీయదు.

"పగ్గాలు లాక్కోమంటే గొట్టం ఇచ్చారు," అని చుక్కమ్మ నేల మీద ఉమ్మేసి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం భల్లయ్య తూలుతూ వచ్చాడు. అతని నోటి వాసనకు లింగోజి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పక్కనే జంబయ్య.

"ఈ పూటకి మానెయ్యి భల్లయ్యా," అన్నాడు లింగోజి, గూట్లో ఎవరికీ వినపడనంత మెల్లగా.

"మానేస్తే తాగాడని తెలిసిపోతుంది కదరా పిచ్చివాడా!" అని జంబయ్య అతని మెడ నిమిరాడు. "కింద కూర్చున్న ఆవిడకి పైన ఎవరు ఊదుతున్నారో కనపడదు. గొట్టం కాస్త ముందుకి వంచితే నీ మూతికే అందుతుంది. అయినా ఈ కోనలో ఊపిరంటే నీదే కదా! ఒక్కసారి. స్నేహితుడి కోసం."

ఊపిరి మాట ఎత్తగానే లింగోజి మెడ దానంతటదే నిలబడింది.

అంతలో చుక్కమ్మ చిన్నకూనను తీసుకొచ్చింది. ఎండకి దాని నాలుక పిడచకట్టుకుపోయింది. బండెక్కించక గతిలేదు. ఎక్కిస్తూ ముందుకొచ్చి, లింగోజి కళ్ళలోకి చూసి అడిగింది.

"వాడు తాగలేదు కదా లింగన్నా?"

లింగోజి నెమరు వేయడం మొదలుపెట్టాడు. ఏం చెప్పాలో తోచనప్పుడు నెమరు చేసే ఉపకారం ఇంతా అంతా కాదు. ఆవిడ కాసేపు చూసి, గూడు వెనక్కి, బిడ్డ దగ్గరికి పోయింది. భల్లయ్య గొట్టం వంచాడు. లింగోజి గుండెనిండా గాలి పీల్చి ఊదాడు.

కింద పునుగమ్మ ముక్కు అదిరింది. మామూలుగా భల్లయ్య ఊదితే చెదపురుగులూ పాత తేనే కలిసిన కంపు. ఇప్పుడేమో పచ్చి గరిక! ఆవిడ కొయ్య తీయలేదు. తీయకుండా, గొట్టంలోకి నోరు పెట్టి తీయగా పిలిచింది.

"ఆహా, ఏం ఊపిరి! కడుపు చల్లబడింది. ఇంత కమ్మని ఊపిరి నా జన్మలో పీల్చలేదు. ఎవరిదబ్బా ఇది? దిష్టి తీయించాలి!"

"నాదేనమ్మా, లింగోజిని!" అన్నాడు ఎద్దు గొట్టంలోకి, పొంగిపోతూ. "రోజూ గరికే తింటాను."

జంబయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఆ మాట విని గూడు వెనకనుంచి చుక్కమ్మ ఒక్క దూకు దూకి బిడ్డను కిందికి లాగింది.

"దిగండర్రా! అందరూ దిగండి!"

పిల్లలు బిలబిలా దూకారు. భల్లయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నన్ను ఆపే మొనగాడెవడు? లాగరా!" అని చెర్నాకోల ఝళిపించాడు. లింగోజి, అలవాటు కొద్దీ, లాగాడు! చక్రంలో కొయ్య ఉంది. కాడిని మోసే నొగ ఫెళ్ళున విరిగి, భల్లయ్య పీట మీంచి పల్టీకొట్టి దుమ్ములో బోర్లా పడ్డాడు.

చుక్కమ్మ అతని వంక చూడలేదు. నేరుగా ఎద్దు దగ్గరికొచ్చింది.

"వాడికి సారా మత్తు. నీకేం మత్తయ్యా? మొన్న నా పెద్దకూన మీదికి బండి ఎక్కినప్పుడు కాడి నీ మెడ మీదే ఉంది. ఆ కుదుపు నీకు తెలియలేదా?"

తెలిసింది. అప్పటినుంచీ ఆ మలుపులో అతని కాళ్ళు తడబడుతూనే ఉన్నాయి. అయినా ఊదాడు.

గోల విని చిరుత పరుగెత్తుకొచ్చాడు. "ఒక్క గుక్కే తాగా," అన్నాడు భల్లయ్య దుమ్ములోంచి. "చూశారా, ఈ గొట్టాలు పనికిరావని నా మనసులో ముందే ఉంది," అన్నాడు జంబయ్య.

"గొట్టం పనిచేసింది," అంది చుక్కమ్మ. "పనిచేయనిది మీరు. పగ్గాలు నాకివ్వండి."

"నీకు పంజాల్లేవు కదమ్మా," అన్నాడు చిరుత.

"పళ్ళున్నాయి."

విరిగిన నొగకు తీగలతో కట్టు కట్టించింది. పునుగమ్మ కొయ్య తీసింది. చుక్కమ్మ ముకుతాడు పంటితో పట్టుకుని ముందు నడిచింది. బండి ఎప్పుడూ అంత నెమ్మదిగా, అంత తిన్నగా గుట్ట దిగలేదు. పంజాలు ఉంటేనే బండి నడుస్తుందని ఇన్నాళ్ళూ ఎందుకు నమ్మారో ఎవరికీ అర్థం కాలేదు. భల్లయ్యనూ జంబయ్యనూ మండుటెండలో వెనక నడిపించారు. ఇక జన్మలో పగ్గాలు ముట్టొద్దన్నారు. మలుపు దగ్గర భల్లయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. చుక్కమ్మ బండి ఆపింది. అతను తల తిప్పి ఆ చోటు చూసేదాకా కదలనివ్వలేదు.

తాగి తోలేవాడికి ఊపిరి అరువిచ్చినవాడు కూడా పగ్గాలు పట్టినవాడే.

మడుగులో పిల్లలు నీళ్ళు తాగుతుంటే చుక్కమ్మ లింగోజి పక్కకి వచ్చింది. "రేపు ఇంకెవడో మెడ నిమిరి ఊదమంటాడు. అప్పుడేం చేస్తావు?"

లింగోజి నెమరు ఆపాడు.

"తెలీదమ్మా. ఊదకూడదని తెలిసింది. ఊదనని మొహం మీద చెప్పడం మాత్రం నాకింకా రాలేదు."